ట్రాలీ మోయదగిన బరువు

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట ప్రాంతమున కోతలు ముగియగానే ధాన్యము ట్రాక్టరు ట్రాలీలలో కొనుగోలు కేంద్రములకు చేరును. ట్రాలీ కొనువారు తరచుగా దాని పొడవు వెడల్పులనే చూతురు. ముందు చూడవలసినది బరువు.

ప్రతి ట్రాలీకిని రెండు తూకములు కలవు. ఒకటి ఖాళీ బరువు. రెండవది సరకుతో కూడ మించరాని మొత్తపు బరువు. ఇవి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి యుండును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే సరకునకు తగిన బరువు. మొత్తపు బరువు 5000 కిలోలు, ఖాళీ బరువు 1500 కిలోలు అనుకొందము. శేషము 3500 కిలోలు. అనగా 40 కిలోల ధాన్యపు సంచులు 87 మాత్రమే. ఇంకను చోటున్నను 88వ సంచి వేయరాదు. తరువాత బిగించిన ఎత్తు పలకలును ఖాళీ బరువులోనే చేరును; ఆ మేరకు సరకు తగ్గవలెను.

చోటు నిండుటయే కొలత కాదు. ఒకే చోటున పట్టు ఇసుక ధాన్యముకంటె రెండు రెట్లకు మించి తూగును. బరువు మీరినచో టైర్లు పగులును, ఇరుసు విరుగును, పల్లపు బాటలో బ్రేకు వేసినను ట్రాలీ ట్రాక్టరును ముందునకు నెట్టును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము అధిక భారమును నిషేధించినది. 2019 నాటి సవరణ ఇందులకు 20,000 రూపాయలును, అదనపు టన్ను ఒక్కింటికి మరి 2,000 రూపాయలును జరిమానాగా నిర్ణయించినది.

కావున కొనుటకు ముందే ఖాళీ ట్రాలీని ధర్మకాంటపై తూచి, పత్రముతో సరిచూచుకొనవలెను. జరిమానా చెల్లింపవచ్చును, పోయిన ప్రాణమును తిరిగి తేలేము.