నిప్పును మోసే గద్ద: చూసిన మాట, ఊహించిన మాట

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి చివరి తీత ముగిసి, మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో ఒక దృశ్యం ఏటేటా కనిపిస్తుంది. రైతు పత్తికట్టెను పీకి, కుప్పలు వేసి, నిప్పు పెడతాడు. ఒకప్పుడు ఆ కట్టెను ఇంటి వెనుక పేర్చుకుని వంటచెరకుగా వాడుకునేవారు. గ్యాసు పొయ్యిలు వచ్చాక చాలా చోట్ల దాని కథ చేలోనే ముగుస్తున్నది. పొగ లేచిన కాసేపటికే గద్దలు వచ్చి చేరతాయి. వాటితో పాటు పాలపిట్టలు, పసులపోలిగాళ్లు, కొంగలు కూడా వస్తాయి. సెగకు తాళలేక బయటపడిన మిడతలు, తొండలు, ఎలుకలు వీటికి విందు. గద్ద పొగలోకి వాలి, కాలితో తన్నుకుని, ఎగురుతూనే తినేస్తుంది. మంటను చూసి పశువులు బెదురుతాయి, మనిషి వెనక్కు జరుగుతాడు. ఈ పక్షి మాత్రం మంటకు ఎదురు వెళ్తుంది. ఇంతవరకు మన పల్లెల్లో ఎవరికీ ఇది వింత కాదు.

వింత అనిపించే మాట ఇదే గద్దను గురించి ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. శాస్త్రజ్ఞులు మిల్వస్ మైగ్రాన్స్ అని పిలిచే ఈ జాతి మన చేల మీదా, ఆ ఖండపు ఉత్తర భాగంలోని గడ్డి మైదానాల మీదా ఎగురుతుంది. ఉపజాతులు వేరు, జాతి ఒక్కటే. అక్కడి ఆదివాసులు చెప్పేదేమంటే, మంట ఆరిపోవస్తున్నప్పుడు గద్ద కాలుతున్న పుల్లను కాలితోనో ముక్కుతోనో ఎత్తుకుపోయి, ఇంకా అంటుకోని ఎండుగడ్డిలో పడవేస్తుంది, అక్కడ కొత్త మంట లేస్తే దాని ముందు కాచుకుని కూర్చుంటుంది. అలావా తెగకు చెందిన వైపుల్‌దాన్య అనే వైద్య సహాయకుడు తన జీవితకథలో తాను స్వయంగా దీన్ని చూశానని చెప్పాడు. డగ్లస్ లాక్‌వుడ్ అక్షరబద్ధం చేసిన ఆ పుస్తకం 1962లో వెలువడింది. 1980లలో కకాడు ప్రాంతంలోని రేంజర్ యురేనియం గని దగ్గర మంటలార్పుతున్న డిక్ యూసెన్ కూడా, పొగలు కక్కే పుల్లను మోసుకుపోతున్న గద్దను చూశానని చెప్పాడు. అది మన గద్ద కాదు, దాని దాయాది అయిన ఈలగద్ద. ఇటువంటి సాక్ష్యాలను మార్క్ బోంటా, బాబ్ గోస్‌ఫర్డ్, వారి సహచరులు 2011 నుంచి 2017 వరకు సేకరించి, జాతిజీవశాస్త్ర పత్రికలో ఒక వ్యాసంగా ప్రకటించారు. ఆ వ్యాసం పేర్కొన్న పక్షులు మూడు: గద్ద, ఈలగద్ద, గోధుమరంగు సాళువ. ఈ ప్రవర్తన అక్కడి ఆదివాసుల పవిత్ర క్రతువులలో సైతం ప్రదర్శింపబడుతుంది. అంటే నిన్న మొన్న పుట్టిన వదంతి కాదు.

అయినా చాలాకాలం దీనిని అధికారులు నమ్మలేదు. వారి సంశయాన్ని కొట్టిపారవేయడం న్యాయం కాదు. గద్ద మిడతను పట్టబోయి, మిడతతో పాటు నిప్పంటిన పరకను పట్టి ఉండవచ్చు గదా! కాలు చురుక్కుమనగానే వదిలేసి ఉండవచ్చు. పడినచోట గడ్డి అంటుకుంటే, దూరం నుంచి చూసినవాడికి అది పన్నాగంలా తోచి ఉండవచ్చు.

గద్ద ఇలా పొరబడగలదనడానికి మన పాఠకులకు తెలిసిన ఉదంతమే ఒకటి ఉన్నది. హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన ఆ వృత్తాంతాన్ని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. ఒక అరబ్బు తెగవారి వద్ద ఉంటున్న నల్లజాతి స్త్రీ ఒకామె మీద దొంగతనం మోపబడింది. ఆ ఇంటి పిల్ల ధరించే ఎర్రని తోలు పట్టీ కనబడకుండా పోయింది. ఆమెను అవమానకరంగా సోదా చేశారు. నిజానికి నేలమీద ఉన్న ఆ ఎర్రపట్టీని మాంసమనుకుని గద్ద ఎత్తుకుపోయింది. అందరూ నిలబడి ఉండగానే ఆ గద్ద తిరిగి వచ్చి పట్టీని వారి మధ్యనే జారవిడిచింది. ఆ స్త్రీ తరువాత మదీనా చేరి ఇస్లాం స్వీకరించింది, మస్జిదులోనే ఆమెకు ఒక గుడారం ఉండేది. ఈ వృత్తాంతంలో గద్ద ఎత్తుకుపోయింది, వదిలేసింది. రెండూ జరిగిన పనులే, రెండింటిలోనూ పన్నాగం లేదు. ఉద్దేశాన్ని అంటగట్టినది మనుషులు, అదీ ఒక నిస్సహాయురాలి మీద.

కనుక ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. గద్ద కాలుతున్న పుల్లను మోసిందా అన్నది మొదటిది. నిప్పు పుట్టించాలనే మోసిందా అన్నది రెండవది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే వాదమంతా చిక్కుపడింది. ఉల్లేఖనాలను తూచడానికి హదీసు పండితులు ఏర్పరచిన కొలతలు ఇక్కడ అక్కరకు వస్తాయని మా అభిప్రాయం. ఒక వార్తను ముతవాతిర్ అనడానికి, అందరూ కూడబలుక్కుని అబద్ధమాడడం అసంభవమయ్యేంత మంది చెప్పి ఉండాలి. అంతమాత్రమే చాలదు, ఆ వార్త కంటితో చూసినదో చెవితో విన్నదో, అంటే ఇంద్రియాలకు అందినదై ఉండాలని కూడా వారు షరతు పెట్టారు. పదివేలమంది కలిసి ఒక ఊహను చెప్పినా అది ఊహే. ఈ షరతును మన చర్చల్లో తరచు మరచిపోతుంటాము.

ఈ తూకంలో పెట్టి చూడండి. ఒకరినొకరు ఎరుగని తెగలవారు, అగ్నిమాపక కార్యకర్తలు, వందల మైళ్ల దూరాల్లో ఉన్నవారు, ఒకే పనిని చెబుతున్నారు: పక్షి పుల్లను ఎత్తింది, మోసింది, పడవేసింది, అక్కడ అంటుకుంది. ఇది కంటితో చూసిన మాట. దీన్ని ఆదివాసుల మూఢనమ్మకమని తోసివేసినవారు సాక్షుల రంగును చూశారే గాని సాక్ష్యాన్ని చూడలేదు. ఇక ఉద్దేశం సంగతి. దానిని ఏ సాక్షీ చూడలేడు, పరిస్థితుల నుంచి గ్రహించవలసిందే. మన న్యాయశాస్త్రంలో దీనిని ఖరీనా అంటారు. ఇక్కడ ఉన్న ఖరీనాలు బలమైనవే. పక్షి ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ మోసినట్లు చెప్పినవారున్నారు. మంట దాటకుండా మనుషులు చేసిన ఖాళీ పట్టీకి ఆవలివైపున పుల్లను పడవేసినట్లు చెప్పినవారున్నారు. పొరపాటున పట్టిన నిప్పును అంత దూరం మోయనక్కరలేదు. అయినా ఇవి బలమైన సూచనలు, అంతవరకే. ఆ వ్యాసం ముఖ్యంగా కళ్లారా చూసినవారి మాటల మీదనే నిలిచి ఉన్నది.

హుద్‌హుద్ పక్షి సబా దేశపు వార్తను తెచ్చినప్పుడు హజ్రత్ సులైమాన్ (అ) దానిని వెంటనే నమ్మలేదు, అబద్ధమని తోసివేయనూ లేదు, ఉత్తరమిచ్చి పంపి పరీక్షించారు. నమ్ల్ సూరాలోని ఆ భాగం చదివినప్పుడల్లా ఆ మధ్యేమార్గం మీదనే చూపు నిలుస్తుంది.

పక్షికి ఇంతటి ఆలోచన సాధ్యమా అన్న సందేహం మాత్రం ఇప్పుడు మునుపటంత గట్టిగా లేదు. మన మెదడులో ఉండే పొరల పొరల పైభాగం పక్షికి లేదు కాబట్టి దాని పనులన్నీ పుట్టుకతో వచ్చిన అలవాట్లేనని దాదాపు 20వ శతాబ్దమంతా చెప్పుకున్నారు. 2016లో 28 జాతుల పక్షుల మెదళ్లలోని నాడీకణాలను లెక్కించిన పరిశోధకులు, చిలుకలలోను కాకులలోను ఆ కణాలు ఎంత ఇరుకుగా సర్దబడి ఉన్నాయంటే, అంతే బరువున్న కోతి మెదడుకన్నా ముందుభాగంలో ఎక్కువే ఉంటాయని కనుగొన్నారు. అయితే చిలుకకూ కాకికీ చెల్లినది గద్దకూ చెల్లుతుందని అనుకోవడం తొందరపాటు. ఇక్కడొక చిత్రమున్నది. రూపంలో గద్దను పోలిన సాళువ, జన్యువులను బట్టి చూస్తే గద్దకన్నా చిలుకకే దగ్గరి చుట్టం. ఆస్ట్రేలియా సాక్ష్యాలు నిజమైతే, నిప్పు మోసే విద్య రెండు వేరువేరు వంశాలకు అబ్బిందన్నమాట.

ఉద్దేశాన్ని అంచనా వేయడం ఎంత కష్టమో బెట్టీ అనే కాకి కథ చెబుతుంది. న్యూ కలడోనియా ద్వీపపు ఈ కాకి ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో తిన్నని తీగను కొక్కెంలా వంచి, గొట్టంలోని తిండిబుట్టను పైకి లాగింది. 2002లో ఈ సంగతి వెలువడగానే, కొత్త సమస్యకు పక్షి అప్పటికప్పుడు ఉపాయం కనిపెట్టిందని లోకమంతా చెప్పుకుంది. 2016లో మరొక సంగతి బయటపడింది. అడవిలోని అదే జాతి కాకులు సహజంగానే పుల్లలను అలా వంచుతాయి! బెట్టీ తీగను వంచిన మాట అబద్ధం కాలేదు. దాని మనసులో ఏమున్నదన్న మన వ్యాఖ్యానమే సడలింది.

గద్ద విషయానికే వస్తే, అది మనుషుల మధ్య బ్రతకనేర్చిన పక్షి. స్పెయిన్‌లోని దొన్యానా ప్రాంతంలో ఇదే జాతి గద్దలు గూళ్లను తెల్లని ప్లాస్టిక్ ముక్కలతో అలంకరిస్తాయని, బలమైన గద్ద గూటిలో అవి ఎక్కువగా ఉంటాయని 2011లో తేలింది. పరిశోధకులు బలహీనమైన గద్దల గూళ్లలో అదనపు ముక్కలు పెడితే, అవే వాటిని తీసి పారవేశాయట. లేని బలాన్ని చాటుకుంటే తోటి గద్దల దాడి తప్పదు గదా. ఢిల్లీలో నిశాంత్ కుమార్ బృందం చేసిన అధ్యయనం మనకు మరింత దగ్గరిది. పాత ఢిల్లీలో ముస్లిములు సదఖాగా గద్దలకు మాంసపు ముక్కలు ఎగురవేసే ఆచారమున్నది. ఆ పేటల చుట్టూ గద్దలు ఒత్తుగా గూళ్లు కడతాయి, గూటి దగ్గరకు వచ్చిన మనిషి మీద మిగతాచోట్లకన్నా ధైర్యంగా దాడి చేస్తాయి. మనిషి ఎక్కడ పెడతాడో, ఎక్కడ పెట్టడో గద్ద కనిపెట్టుకుని ఉంటుంది. మన చేలో పొగ లేచిన చోటికి అది రావడం కూడా ఇటువంటి పసిగట్టే గుణమే. నిప్పు తనకు తిండి పెడుతుందని దానికి తెలుసు. తెలిసిన నిప్పును తానే జరపడం అక్కడి నుంచి ఒక్క అడుగు మాత్రమే. అయితే ఆ ఒక్క అడుగే అసలు ప్రశ్న.

ఈ చర్చ మన రైతుకు ఎందుకు? పొలంలో పెట్టిన నిప్పు పక్కవాడి గడ్డివామును అంటుకుంటే తగువు పుడుతుంది. పశువు తనంతట తాను చేసిన గాయానికి పరిహారం లేదని దైవప్రవక్త (స) తెలిపిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. మరి గద్ద నిప్పు మోస్తే నేరం ఎవరిది? తన నేలలో నిప్పు పెట్టినవాడిని గురించి ధర్మశాస్త్రవేత్తలు చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. గాలి లేని వేళ, తగిన జాగ్రత్తతో పెట్టిన నిప్పు అనుకోకుండా దాటితే అతడి మీద బాధ్యత లేదు. గాలి వీస్తుండగా పెట్టినా, పెట్టి వదిలేసి పోయినా బాధ్యుడే. అంటే ముందుగా తెలుసుకోదగిన ప్రమాదమా కాదా అన్నదే గీటురాయి. ఉత్తర ఆస్ట్రేలియాలో అడవి కాపలాదారులు గడ్డి తగలబెట్టేటప్పుడు గాలిని లెక్కలోకి తీసుకున్నట్లే గద్దలను కూడా తీసుకుంటున్నారు. అక్కడ అది తెలిసిన ప్రమాదం.

ఎలుకను గురించిన ఒక హదీసు ఈ సందర్భంలో గుర్తుకు రాకమానదు. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పివేయమని ప్రవక్త (స) ఆదేశించారు, ఎలుక వత్తిని లాగుకుపోయి ఇంటిని తగలబెట్టవచ్చునని. ఎలుక ఉద్దేశమేమిటన్న విచారణ అక్కడ లేదు. ఆదేశం దీపం వెలిగించినవాడికి.

మన ప్రాంతానికి వర్తించే సంగతి ఇంకొకటి. గులాబీరంగు పురుగు మళ్లీ తలెత్తకుండా పత్తికట్టెను చేలో ఉంచవద్దని వ్యవసాయ శాఖ చెబుతున్నది. కాల్చడం బదులు యంత్రంతో ముక్కలు చేయించి నేలలో కలిపితే పురుగూ పోతుంది, నేలకు బలమూ వస్తుంది, నిప్పు తగువూ ఉండదు. కూలికి, అద్దెకు అయ్యే ఖర్చు భరించలేక అగ్గిపుల్లను నమ్ముకునే చిన్న రైతును మాత్రం తప్పుపట్టలేము.

చేలో మంట దగ్గర నిలబడి గద్దలను చూసేవారెవరైనా, గద్ద నిప్పు మోసిందని చెప్పబోయే ముందు కొన్ని గుర్తుపెట్టుకోవాలి: పట్టినది కాలితోనా ముక్కుతోనా, పుల్ల నుంచి పొగ వచ్చిందా, ఎంత దూరం మోసింది, అది పడినచోట మంట లేచిందా, గాలి ఎటు వీస్తున్నది, ఆ తరువాత గద్ద అక్కడే కాచుకున్నదా, పాత మంట దగ్గరకే తిరిగి పోయిందా. అన్నిటికన్నా ముందు చూడవలసినది, దాని గోళ్ల మధ్య ఉన్నది కాలుతున్న పుల్లా, లేక మిడత అంటుకున్న గడ్డిపరకా అన్నది.