ఇటుకల రైలు

ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, "కూ... చుక్ చుక్" అంటూ వీధంతా తిరిగే రైలాట మీరందరూ ఆడే వుంటారు. ఆ ఆటలో ఒక సంగతి గమనించారా? ఇంజనుగా నిలబడ్డవాడు ఎంత బలశాలి అయినా, తడిసిన నున్నటి గచ్చు మీద వెనకవాళ్లను లాగలేడు, కాళ్లు జారిపోతాయి. మట్టినేల మీద అయితే అంతకన్న చిన్నవాడు కూడా లాగేస్తాడు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మనం చెప్పుకోబోయే రైలుకు దీనితో చాలా పని వుంది.

ఈ రైలును ఇనుముతో చెయ్యరు, చెక్కతోనూ చెయ్యరు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలతో కడతారు. దానికి మోటారు బిగించి పట్టాల మీద నడుపుతారు. పిల్లలే కాదు, తల నెరిసిన పెద్దలు కూడా నెలల తరబడి కూర్చుని ఇలాంటి రైళ్లు కడుతూ వుంటారు.

ఈ ఇటుకల పుట్టిల్లు డెన్మార్కు దేశం. అక్కడ బిల్లుండ్ అనే పల్లెలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి వుండేవాడు. 1932లో, ఇళ్లు కట్టించుకునేవాళ్లు లేక పని కరువైన రోజుల్లో, ఆయన చెక్కబొమ్మలు చెయ్యసాగాడు. తన బొమ్మలకు "లెగో" అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో "బాగా ఆడుకో" అనే రెండు మాటలను కుదించి చేసిన పేరు అది.

ఆయనను గురించి ఒక కథ చెబుతారు. ఒకసారి ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్, చెక్క బాతులకు మూడు పూతలు వార్నిషు వెయ్యవలసి వుండగా రెండే వేసి రైల్వే స్టేషనుకు చేర్చి వచ్చి, "నాన్నా, ఇవాళ కొంత డబ్బు మిగిల్చాను!" అన్నాడట. తండ్రి మెచ్చుకోలేదు. బాతులన్నిటినీ వెనక్కు తెచ్చి, మూడో పూత వేసి, మళ్లీ స్టేషనులో అప్పగించి రమ్మన్నాడు. గాట్‌ఫ్రెడ్ ఆ పాఠం మరిచిపోలేదు.

1942లో వారి కార్ఖానా తగలబడిపోయింది. అయినా తిరిగి కట్టుకున్నారు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు చెయ్యటం మొదలుపెట్టారు. అయితే ఆ ఇటుకలకు అడుగున అంతా బోలు. పైన పెట్టిన ఇటుక గట్టిగా పట్టుకునేది కాదు. కట్టిన ఇల్లు చెయ్యి తగిలితే ఊడిపోయేది. అప్పుడు గాట్‌ఫ్రెడ్ ఇటుక లోపల చిన్న చిన్న గొట్టాలు పెట్టించాడు. కింది ఇటుక బొడిపెలు, పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య ఇరుక్కుని బిగుసుకుంటాయి. దీనికి 1958 జనవరి 28న పేటెంటు కోరారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు కూడా సరిగ్గా అతుకుతుంది!

బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఎనిమిదేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు తీసుకుంటే, వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని లెక్క కట్టారు. ఆరింటికే ఇన్ని అయితే, ఒక పెట్టెడు ఇటుకలతో ఎన్ని రకాల ఇంజన్లు కట్టవచ్చునో మీరే ఊహించుకోండి.

ఇక రైలు సంగతి. మోటారుతో నడిచే మొదటి లెగో రైలు 1966లో వచ్చింది. దాని మోటారు 4.5 వోల్టులది. ఒక్కొక్క బ్యాటరీ సెల్లు 1.5 వోల్టులు గనక, మూడు సెల్లు చాలు. 1991లో మరొక పద్ధతి వచ్చింది. పట్టాలకు లోహపు రేకు తొడిగి, గోడ దగ్గర వుండే చిన్న యంత్రంతో ఇంటి కరెంటును 9 వోల్టులకు తగ్గించి, ఆ పట్టాల గుండానే మోటారుకు అందించేవారు. రైలు మీద బ్యాటరీల బరువు వుండదు. అవి అయిపోతాయన్న బెంగా లేదు. కాని ఒక చిక్కు వుంది. పోయిన పట్టా చుట్టు తిరిగి వచ్చి తనలోనే కలిసేటట్టు వేశారనుకోండి. ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకు తగులుతుంది. విద్యుత్తు మోటారులోకి పోకుండా అడ్డదారి పడుతుంది, బండి ఆగిపోతుంది.

ఆ పద్ధతి ఇప్పుడు లేదు. ఇప్పటి రైలులో ఆరు సెల్లుండే పెట్టె ఇంజనులోనే వుంటుంది. తీగ లేకుండానే, చేతిలోని మీటతో దూరంనుంచి నడపవచ్చు. పట్టాలు మీ ఇష్టం వచ్చినట్టు మెలికలు తిప్పవచ్చు. బరువు పెరిగింది గదా, అది నష్టమే అంటారా? తొందరపడకండి.

మీరు చక్కని ఇంజను కట్టి, మోటారు పెట్టి, వెనక ఎనిమిది పెట్టెలు తగిలించారనుకుందాం. మీట నొక్కారు. మోటారు గుర్రుమంటున్నది, చక్రాలు గిర్రున తిరుగుతున్నవి, బండి మాత్రం వున్నచోటనే వున్నది! "మోటారుకు బలం చాలలేదు" అని మీరు అనుకుంటారు. కాదు. బలం చాలకపోతే చక్రాలు ఆగిపోయేవి. అవి తిరుగుతున్నాయంటే బలం వున్నది, లేనిది పట్టు. తడి గచ్చు మీద మీ నేస్తం కాళ్లు జారినట్టే, చక్రాలు పట్టా మీద జారుతున్నాయి.

పట్టు ఎలా వస్తుంది? మొదటిది, బరువు. మోటారు తిప్పే చక్రాల మీద ఎంత బరువు పడితే అంత పట్టు. అందుకే బ్యాటరీ పెట్టెను సరిగ్గా మోటారు పైన పెట్టాలి. ఇందాక నష్టమనుకున్న బరువే ఇక్కడ లాభమైంది, చూశారా? అదే బరువు వెనక పెట్టెలో వేస్తే మాత్రం అది మోతబరువే. రెండవది, రబ్బరు. మోటారు చక్రాలకు సన్నని రబ్బరు చుట్లు వుంటాయి. వాటికి దుమ్ము, నూనె అంటుకుంటే పట్టు పోతుంది, అప్పుడప్పుడు తుడవాలి. నిజం రైలుకు కూడా ఈ బెడద వుంది. అందుకే మన రైలు ఇంజన్లలో ఇసుక నింపిన పెట్టెలు వుంటాయి. వానకు పట్టాలు తడిసి చక్రాలు జారితే, డ్రైవరు చక్రాల ముందు ఇసుక పడేటట్టు చేస్తాడు.

పట్టు పెంచటం ఒక ఎత్తయితే, ఈడ్పు తగ్గించటం మరొక ఎత్తు. ఈడ్పు ఎక్కువయ్యేది మలుపుల్లో. మామూలు లెగో వంపు పట్టాలు పదహారు కలిపితే ఒక గుండ్రం అవుతుంది. అందులో బయటి పట్టా లోపలి పట్టాకన్న సుమారు పావు మీటరు పొడుగు! రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి వున్నాయి గనక సమానంగానే తిరుగుతాయి. కాబట్టి ఏదో ఒకటి రాసుకుంటూ పోక తప్పదు. నిజం రైలు చక్రాన్ని ఒకవైపు కాస్త వాలుగా చేస్తారు. మలుపులో ఇరుసు పక్కకు జరిగి, బయటి చక్రం తన లావుపాటి భాగం మీద దొర్లి ఎక్కువ దూరం పోతుంది. బొమ్మరైలు మలుపు మరీ కురచ, ఆ ఉపాయం సరిపోదు. అందువల్ల పొడుగు పెట్టెలకు చక్రాలను నేరుగా అడుగున బిగించకుండా, రెండు చివర్లా అటూ ఇటూ తిరిగే చక్రాల పీటలు అమర్చాలి. మలుపులు తగ్గించి తిన్నని పట్టాలు కలిపితే ఇంకా మంచిది.

కొందరు మోటారుకు పళ్లచక్రాలు తగిలించి నడుపుతారు. మోటారు వైపు 8 పళ్ల చక్రం, బండి వైపు 24 పళ్ల చక్రం పెట్టారనుకోండి. మోటారు మూడు చుట్లు తిరిగితే బండి చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం మూడో వంతుకు తగ్గుతుంది. రాపిడికి పోయేది పోగా బలం మూడింతలకు దగ్గరగా పెరుగుతుంది. కాని పట్టు లేనిచోట ఆ బలం కూడా దండగే.

ఈ ఇటుకలు ఖరీదైనవి. అవి లేవని చిన్నబుచ్చుకోవద్దు. మీ ఇంట్లో బ్యాటరీతో నడిచే ఏ బండి వున్నా సరే, వెనక ఒక అగ్గిపెట్టె కట్టి అందులో గులకరాళ్లు ఒక్కొక్కటే వెయ్యండి. ఎన్నో రాయికి చక్రాలు జారాయో పుస్తకంలో రాసుకోండి. తరవాత మోటారు తిప్పే చక్రాల మీద కొంచెం బరువు పెట్టి మళ్లీ లెక్కించండి. ఆ పైన ఆ చక్రాలకు రబ్బరు బ్యాండు చుట్టి మళ్లీ చూడండి. ఆట అయిపోగానే బ్యాటరీ తీసెయ్యండి. చిన్న ముక్కలు నోట్లో పెట్టుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ వుంటే వాటిని అందకుండా దాచండి.

మీ బండి మొదటిసారి ఆగిపోతే విసుక్కోకండి. చక్రాలు ఆగాయా, జారాయా అని ముందు చూడండి. ఆగితే బలం చాలలేదు. జారితే పట్టు చాలలేదు. ఏది లోపమో తెలిసిందంటే, బండి సగం దూరం నడిచినట్టే.