మందొక్కటే, మనుష్యులు వేఱు

రోగమొక్కటియైనచో మందొక్కటే, మోతాదొక్కటే యనుట వైద్యమున చిరకాలముగ వచ్చుచున్న పద్ధతి. ఈ పద్ధతి యెంత ప్రమాదకరమో 1975లో లండను నగరమున రాబర్టు స్మిత్తను శాస్త్రజ్ఞుడు తన దేహముననే యెఱిఁగెను. రక్తపుపోటును తగ్గించు డెబ్రిసోక్వినను మందును ఆయనయు, సహచరులును పరీక్షార్థము పుచ్చుకొనిరి. సహచరులకు బాధ కలుగలేదు. ఆయనకు మాత్రము రక్తపుపోటు పడిపోయి నిలువ శక్తి లేకపోయెను.

కారణము కాలేయమున నున్నది. మందులను మార్చి బయటికి పంపు ఎంజైము లచటనే పనిచేయును. ఏ ఎంజైము నెట్లు నిర్మింపవలెనో తెలుపు లేఖనమే జన్యువు. ఆ లేఖనము చెడినవారియందు మందు తఱుగక నిలిచి విషతుల్యమగును. ఈ భేదము వంశానుగతమని స్మిత్తు బృందము 1977లో ప్రకటించెను. 1988 నాటికి శాస్త్రజ్ఞులు జన్యువునే చేజిక్కించుకొనిరి. సీవైపీ2డీ6 అని పేరు గల యీ జన్యువు 22వ క్రోమోజోముపై నున్నది. ఈ కుటుంబపు జన్యువులు మానవునియందు మొత్తము 57 అని నేడు లెక్క తేలినది.

నొప్పిని తగ్గించు కోడీనును మార్ఫీనుగా మార్చునదియు నీ ఎంజైమే. అది లేనివానికి కోడీనువలన ఉపశమనము స్వల్పము. జన్యువు ప్రతులు హెచ్చుగా నున్నవానికి మార్ఫీను త్వరితముగ పుట్టి ఊపిరికే ముప్పు వాటిల్లవచ్చును. శిశుమరణములను గమనించిన అమెరికా ఔషధశాఖ 12 ఏండ్లలోపు పిల్లలకు కోడీను కూడదని 2017లో శాసించెను.

ఇది పరదేశీయుల సంగతి యని మన ముపేక్షింపరాదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించు సక్సినైల్‌కోలీను సామాన్యముగ కొలది నిమిషములలో విరిగిపోవును. దానిని విఱుచు ఎంజైము కాలేయమునందే పుట్టి రక్తమున సంచరించును. దాని జన్యువు 3వ క్రోమోజోముపై నున్నది. వైశ్యులలో కొందఱి కీ జన్యువున నొక మార్పు కలదని 2006లో పరిశోధకులు వెల్లడించిరి. అట్టివారికి ఆ మందు గంటల తరబడి విడువదు. అంతసేపు యంత్రముతో ఊపిరి యందింపవలసి యుండును. నిత్యజీవనమున వారి కే లోపమును లేదు. ఆ మందు సోకినప్పుడే యాపద.

ఇప్పటివఱకు జన్యుపరిశోధనల కాధారమైన రక్తములో అధికభాగము ఐరోపా సంతతివారిది. పరుల పటమును పట్టుకొని మన గ్రామమునకు దారి వెదకుట యెట్లు? మన జనులలో ఏ భేదము లెచట నున్నవో మన విశ్వవిద్యాలయములును, వైద్యశాలలును విరివిగ పరిశీలింపవలెను. అంతదనుక గృహస్థు చేయవలసిన పని యొకటి కలదు. ఇంటిలో నెవ్వరికైన మత్తుమందు వికటించి యుండినచో దానిని దాఁపక, శస్త్రచికిత్సకు ముందే వైద్యునకు తెలుపవలెను. సులభమైన రక్తపరీక్ష యొకటి ప్రాణమును నిలుపగలదు.