కీ లైమ్ అంటే మన నిమ్మకాయే

పుట్టినరోజుకు కేకు వద్దు, కీ లైమ్ పై కావాలంది మా అమ్మాయి. ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్న ఏడేళ్లలో తనకు అలవాటైన తీపి అది. అడుగున వెన్నతో అదిమిన బిస్కెట్ పొడి, దాని మీద పుల్లగా తియ్యగా కత్తికి మెత్తగా తెగే నిమ్మ పొర, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనం. కోకాపేటలో స్థిరపడ్డాక నేనిది చేయడం నాలుగోసారి. చేసిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు ఏదో ఒక మాట అంటూనే ఉన్నారు. వాటిలో కొన్ని నేనూ నమ్మినవే.

మా బాల్కనీకి ఎదురుగా నియోపోలిస్ క్రేన్లు కనిపిస్తాయి. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన నేల అది. చుట్టూ ఉన్న టవర్లలో డాలస్, న్యూజెర్సీ, ఫ్లోరిడాలలో కొన్నేళ్లుండి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల నాలుక మీద అక్కడి రుచులు, నెల్లూరు నుంచో నల్గొండ నుంచో వచ్చి ఉంటున్న పెద్దవాళ్ల నాలుక మీద ఇక్కడి రుచులు. ఈ పై చేసినప్పుడు మాత్రం మా ఇంట్లో మూడు తరాలూ ఒకే పళ్లెం చుట్టూ చేరతాయి. అందుకే దీని గురించిన అపోహలు తొలగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అపోహ: దీనికి విదేశీ నిమ్మకాయలు కావాలి

మొదటిసారి నేనూ అదే అనుకున్నాను. ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో వల సంచిలో కట్టి అమ్మే పెద్ద పసుపు కాయలు కొన్నాను. పై కుదిరింది గానీ, అమ్మాయి ఒక ముక్క తిని, "బావుందమ్మా, కానీ ఇది అది కాదు" అంది. రెండు వారాల తర్వాత మా అత్తయ్య గూడూరు నుంచి వస్తూ సంచి నిండా నిమ్మకాయలు తెచ్చారు. పప్పులోకి ఒకటి కోస్తుంటే అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఇదే ఆ వాసన" అంది.

తను చెప్పింది అక్షరాలా నిజం. ఫ్లోరిడావాళ్లు కీ లైమ్ అనేదీ, మనం పులిహోరలో పిండుకునే కాగ్జీ నిమ్మా ఒకే జాతి. శాస్త్రీయ నామం సిట్రస్ ఆరెంటిఫోలియా. పసుపు లెమన్ వేరే పండు. అది మాదీఫలానికీ నారింజకూ పుట్టిన సంకరం. మన నిమ్మ మాదీఫలానికీ, ఆగ్నేయాసియాలోని మైక్రాంథా అనే చిన్న పుల్లకాయకూ పుట్టినది. వాసనలో తేడా ఆ పుట్టుకలోనే ఉంది.

ఆగ్నేయాసియావైపు పుట్టిన ఈ కాయ అరబ్బు వర్తకుల చేతుల మీదుగా మధ్యధరా తీరం చేరింది. లైమ్, లెమన్ అనే మాటలకు మూలం కూడా పారసీ, అరబ్బీల్లోని లీమూన్. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో నిమ్మజాతి గింజలు కరీబియన్ దీవులకు చేరాయి. అక్కడి నుంచి ఫ్లోరిడా కొసన వరుసగా ఉన్న కీస్ అనే చిన్న దీవులకు పాకి, వాటి పేరే తగిలించుకుంది ఆ నిమ్మ. 1926 తుపాను అక్కడి తోటలను పాడు చేశాక రైతులు గింజలేని పెద్ద పర్షియన్ లైమ్‌కు మళ్లారు. అసలు కీ లైమ్ ఇప్పుడు అమెరికాకు ఎక్కువగా మెక్సికో నుంచి వస్తుంది. మనకేమో గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి వస్తుంది. తెలంగాణలో నకిరేకల్‌లో నిమ్మకే ప్రత్యేకంగా మార్కెట్ ఉంది. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ మీద పరిశోధన కేంద్రమే నడుస్తోంది. ఫ్లోరిడా 2006లో తన రాష్ట్ర 'పై'గా ప్రకటించుకున్న వంటకానికి కావలసిన కాయ నార్సింగి తోపుడుబండి మీద దొరుకుతుంటే, ఖండాలు దాటొచ్చిన వేరే పండు ఎందుకు?

ధర మాత్రం చూసుకోవాలి. ఎండాకాలంలో నిమ్మ మండిపోతుంది. 2022 ఏప్రిల్‌లో కాయ పది రూపాయలు పలికిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక పైకి అరకప్పు రసం, అంటే ఎనిమిది నుంచి పది కాయలు కావాలి.

అపోహ: పై ఆకుపచ్చగా ఉండాలి

ఉండకూడదు. నిమ్మరసం లేత పసుపు, దానికి పాలు కలిస్తే మీగడ రంగు. ఆకుపచ్చగా కనిపించే పైలో ఉన్నది రంగు చుక్కలు. ఇక కాయ సంగతి: చెట్టున పూర్తిగా పండితే మన నిమ్మ కూడా పసుపుపచ్చగానే అవుతుంది. రసం దానిలోనే ఎక్కువ. పైకి అలాంటివే ఏరుకోండి.

అపోహ: పుల్లటి పండు ఏదైనా ఒకటే, బత్తాయి రసం పోసినా సరిపోతుంది

మా పక్క ఫ్లాట్ ఆవిడ నల్గొండ బత్తాయిలతో ప్రయత్నించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా పాయసంలా జారిపోయిందని బాధపడ్డారు. ఆవిడ తప్పేమీ లేదు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఆరేడు శాతం ఉంటుంది, బత్తాయిలో ఒక శాతం లోపే. పై గట్టిపడటం ఆ పులుపు మీదే ఆధారపడింది. బత్తాయి వాసన కావాలంటే దాని తొక్క తురుము వేసి, రసం మాత్రం నిమ్మదే పోయాలి. దబ్బకాయ అయితే బాగానే పనిచేస్తుంది. నిమ్మఉప్పు నీళ్లలో కలిపి పోస్తే గట్టిపడుతుంది గానీ, ఆ పైకి ప్రాణమైన వాసనే ఉండదు.

అపోహ: పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి

"పాలల్లో నిమ్మకాయ పిండతా ఉండావేందమ్మా, విరిగిపోవా?" అని అత్తయ్య గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ భయం అనుభవంలోంచి వచ్చింది. కాచిన పాలలో నిమ్మరసం పడితే క్షణంలో పాలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి. పనీర్ చేసుకునేది అలాగే.

కానీ ఈ వంటకంలో పోసేది మామూలు పాలు కాదు, కండెన్స్‌డ్ మిల్క్. పాలలోని నీరు చాలావరకు ఇంకిపోయేలా మరిగించి, పంచదార దట్టంగా కలిపినది. పాలను అలా చిక్కబరిచే పద్ధతికి 1856లో గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్ పేటెంటు పొందాడు. ఐసుపెట్టెలు, తాజా పాలు అందని కీస్ దీవుల్లో డబ్బా పాలే దిక్కయ్యాయి. ఈ పై పుట్టింది ఆ అవసరంలోంచేనని చెబుతారు.

పులుపు తగలగానే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పలచని వేడి పాలలో అవి గడ్డలు కట్టి నీటిని వదిలేస్తాయి. చిక్కటి చల్లటి కండెన్స్‌డ్ మిల్క్‌లో విడిపోవడానికి నీరే తక్కువ, ఉన్న నీటిని పంచదార పట్టి ఉంచుతుంది. అందుకని మొత్తం నునుపుగా బిగుసుకుంటుంది. అత్తయ్యకు ఒక్క మాటలో చెప్పాను: ఇది విరగడం కాదత్తయ్యా, తోడుకోవడం. పెరుగు తోడుకునేది కూడా కేసిన్ పులుపుకు బిగుసుకోవడం వల్లే కాబట్టి పోలిక సరిగ్గా సరిపోతుంది. గరిటె తిప్పుతుంటే రెండు నిమిషాల్లో చిక్కబడింది. ఆవిడే గిన్నె వంచి చూసి, "మీగడపెరుగు మాదిరుందే" అన్నారు.

ఒక జాగ్రత్త. చిక్కగా ఉందని ఇందులో కాసిన్ని పాలు పోసి పలచన చేస్తే అత్తయ్య చెప్పినట్టే విరుగుతుంది.

అపోహ: గుడ్డు లేకపోతే పై నిలవదు

పుట్టినరోజు శనివారం పడింది. మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు. కేసిన్ బిగుసుకుంటుందని పైన చెప్పాను కదా, అదే ఇక్కడ ఆధారం. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, అరకప్పు నిమ్మరసం, గుడ్డలో మూటగట్టి నీరంతా వడేసిన పెరుగు ఒక కప్పు. అంతే. కలిపి, 160 డిగ్రీల దగ్గర పావుగంట ఓవెన్‌లో ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ముక్క కత్తికి నిలువుగా తెగుతుంది. ఓవెన్ లేనివాళ్లు నేరుగా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కాస్త మెత్తగా ఉంటుంది, రుచికి లోటేమీ ఉండదు.

అడుగు పొరకు గ్రాహమ్ క్రాకర్లు దొరకవని దిగులుపడేవాళ్లకు నా సలహా ఉస్మానియా బిస్కెట్లు. వాటిలోని ఉప్పదనం నిమ్మ పులుపుకు ఎంత చక్కగా కుదురుతుందో తింటేనే తెలుస్తుంది. 200 గ్రాముల పొడికి 70 గ్రాముల కరిగిన వెన్న చాలు, ఆ బిస్కెట్‌లోనే కొవ్వుంది. సున్నుండ చుట్టేటప్పుడు చూసుకున్నట్టే, గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి.

అపోహ: నిమ్మరసం గుడ్డును ఉడికిస్తుంది, వేరే వేడి అక్కర్లేదు

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇదే. పాత పద్ధతిలో పచ్చి గుడ్డు సొనలు నిమ్మరసంలో కలిపి ఊరికే చల్లబరిచేవారు. పులుపుకు సొన చిక్కబడే మాట నిజమే. కానీ అందులో సాల్మొనెల్లా ఉంటే అది చస్తుందన్న భరోసా ఏమీ లేదు. గుడ్డు వేసుకునేవాళ్లు మిశ్రమం లోపల కూడా 71 డిగ్రీలు దాటేలా తప్పనిసరిగా బేక్ చేయాలి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట్లో ఈ విషయంలో రాజీ పడొద్దు. గుడ్డున్నా లేకపోయినా, మే నెల ఎండల్లో పైని గంటకు మించి బయట ఉంచకండి.

అపోహ: తొక్క వేస్తే చేదు, వేడి చేసినా చేదు

పులిహోరకు పొయ్యి కట్టేశాకే నిమ్మరసం పిండాలని, లేకపోతే చేదెక్కుతుందని అమ్మ నేర్పింది. మీ ఇంట్లోనూ అంతే అయివుంటుంది. అందులో సగం సత్యం ఉంది. వేడికి మొదట పోయేది పరిమళం, ఆ తర్వాత విటమిన్ సి. చేదు సంగతి వేరు. అది తొక్క కింది తెల్ల పొరలో, గింజల్లో ఉంటుంది. కాయను పిప్పి అయ్యేదాకా నలిపినా, గింజలు చితికినా, పిండిన రసాన్ని గంటల తరబడి ఉంచినా చేదు పైకి తేలుతుంది. మెత్తగా పిండి, వెంటనే వడకట్టి, వెంటనే కలిపితే ఓవెన్ వేడికి పై చేదెక్కదు.

తొక్క మీది పచ్చటి పైపొరలో నూనె తిత్తులుంటాయి. నిమ్మ వాసన అనేది నిజానికి వాటిదే, రసానిది నామమాత్రం. కాగ్జీ అన్న పేరు కాగితం నుంచి వచ్చింది. కాగితమంత పలచన తొక్క కాబట్టి తురుముపీట మీద ఒక్కసారి తేలిగ్గా రాసి కాయను తిప్పేయాలి. అదే చోట రెండోసారి రాస్తే తెల్ల పొర తగులుతుంది. కోయకముందే తురమాలి, పిండేశాక చెక్క చేతికి నిలవదు. నాలుగు కాయల తురుము చాలు, వంటిల్లంతా గుప్పుమంటుంది.

అపోహ: పులుపు ఉంది కాబట్టి పంచదార విరిగిపోతుంది

మామయ్యకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. "నిమ్మకాయ పడింది కదమ్మా, తీపిని విరిచేస్తుంది, నాకేం కాదు" అంటూ రెండో ముక్క అడిగారు. ఆయన్ని కాదనడం నాకు చాలా కష్టమైంది. పులుపు నాలుకకు తీపిని తక్కువగా చూపిస్తుంది, అంతే. ఒంట్లోకి వెళ్లే చక్కెరలో ఒక్క గ్రాము కూడా తగ్గదు. డబ్బా కండెన్స్‌డ్ మిల్క్‌లో పాల చక్కెరతో కలిపి 200 గ్రాములకు పైగా చక్కెరలున్నాయి. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు పాతిక గ్రాములు, బిస్కెట్లలోది అదనం. ఇంట్లో చేసింది, నిమ్మతో చేసింది కాబట్టి ఆరోగ్యమన్న మాట కూడా ఇక్కడే ఆగిపోతుంది. విటమిన్ సి కోసమైతే మజ్జిగలో నిమ్మ పిండుకోవడం మేలు. నేనిప్పుడు పైని పన్నెండు ముక్కలు కోస్తాను. మామయ్యకు వేలెడంత, అదీ భోజనం చివర, ఆ రోజు అన్నం తగ్గించి.

అపోహ కానిది

నిమ్మరసం ఇత్తడిలో, రాగిలో కలపకూడదన్న పెద్దల మాట పూర్తిగా వాస్తవం. పులుపు ఆ లోహాన్ని కరిగించి తినే పదార్థంలోకి దించుతుంది. కళాయి లేని పాత్రకు చిలుము పట్టేదీ అందుకే. అల్యూమినియం గిన్నెలో కలిపినా లోహపు రుచి తగులుతుంది. స్టీలు, గాజు, పింగాణీ ఏదైనా పరవాలేదు. మన ఊరగాయ జాడీ కూడా పింగాణీయే కదా. ఆ రోజు పిండేసిన పది కాయల చెక్కలకూ అత్తయ్య ఉప్పద్ది దేవుడి కుందులు తోమారు. లోహాన్ని కరిగించే గుణం అక్కడ మాత్రం అక్కరకొచ్చింది.

అపోహ: తిన్న కాయ గింజ నాటితే మంచి చెట్టు రాదు

ఇది వంట అయ్యాక వచ్చిన మాట. మామిడి విషయంలో నిజమే, అంటు కట్టాల్సిందే. నిమ్మ అలా కాదు. మన రైతులు నిమ్మను ఎక్కువగా గింజల మొక్కలతోనే పెంచుతారు. ఒక్క గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి. వాటిలో చాలావరకు తల్లి చెట్టు కణజాలం నుంచే వస్తాయి కాబట్టి తల్లి గుణాలే దిగుతాయి. గింజ ఎండితే మాత్రం మొలకెత్తే శక్తి పోతుంది.

వడపోతలో మిగిలిన గింజల్ని అమ్మాయి ఆ సాయంత్రమే కడిగి, తాతయ్యతో కలిసి బాల్కనీ కుండీలో అర అంగుళం లోతున పెట్టింది. మూడు వారాలు దాటాక ఏడు చోట్ల మొలకలు కనిపించాయి. వాటిలో రెండు చోట్ల ఒకే గింజలోంచి జంటగా వచ్చాయి.