దిండులో నల్లి, ఛాతీలో పిల్లికూత

నల్లి అనగానే మంచం నల్లి గుర్తొస్తుంది. ఇది అది కాదు. మంచం నల్లి ఆరుకాళ్ల కీటకం, రక్తం తాగుతుంది. దుమ్ము నల్లికి, అంటే డస్ట్ మైట్‌కి, ఎనిమిది కాళ్లు. సాలీడుకూ పశువుల పిడుదుకూ చుట్టం. అర మిల్లీమీటరు కూడా ఉండదు. కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు తింటుంది. నీళ్లు తాగే పనే లేదు, గాలిలోని తేమను ఒంటితోనే పీల్చుకుంటుంది. పరుపూ దిండూ దానికి అన్నీ అమరిన కొంప. ఇంటి దుమ్ము ఉబ్బసం తెస్తుందని వైద్యులు ఎప్పటినుంచో అనుమానించేవారు. ఆ దుమ్ములో దోషి ఎవరో 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం తేల్చింది.

సరిగ్గా చెప్పాలంటే దోషి నల్లి కూడా కాదు, దాని పెంటిక. రోజుకు 20 దాకా వేస్తుంది. అందులో డెర్ పి 1 అనే జీర్ణరసం ఉంటుంది. నల్లి కడుపులో ప్రోటీన్లను ముక్కలు చేయడం దాని పని. బయటికొచ్చాక కూడా ఆ పదును పోదు. మనం దుప్పటి దులిపినప్పుడో, పక్క మీద దొర్లినప్పుడో పెంటికలు లేచి శ్వాసనాళంలో పడతాయి. అక్కడి తడికి కరిగి, జీర్ణరసం మళ్లీ పని మొదలుపెడుతుంది. నాళం లోపొరలో కణాలు ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి. ఆ కుట్లనే కోస్తుంది.

గొడవంతా ఇక్కడే మొదలు. ఈ పొరను చాలాకాలం వట్టి గోడ అనుకున్నారు. గోడే కాదు, కావలివాడు కూడా. దెబ్బతిన్న కణాలు ఇంటర్‌ల్యూకిన్-33, టీఎస్ఎల్‌పీ అనే రసాయనాలతో కేకలు పెడతాయి. ఐఎల్‌సీ2 అనే రక్షక కణాలు ఆ కేక వినగానే, వచ్చిందెవరో చూడకుండానే కలబడతాయి. వీటి సంగతి మనకు స్పష్టంగా తెలిసింది 2010 ప్రాంతంలోనే. డెండ్రైటిక్ కణాలది మరో దారి. అవి నల్లి ప్రోటీన్ ముక్కను పట్టుకుని లింఫ్ గ్రంథికి వెళ్లి, అక్కడి టీ కణాలకు చూపిస్తాయి. కేకలు విని వచ్చినవి కాబట్టి టీ కణాలను కూడా టీహెచ్2 అనే దారిలోకి మళ్లిస్తాయి. నులిపురుగుల్లాంటి వాటి మీద మన ఒళ్లు దాచుకున్న ఆయుధం అది. పెంటిక మీద వాడటం దండగ. వాడుతుంది మరి. టీహెచ్2 చెప్పినట్టు బీ కణాలు ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. అవి వెళ్లి మాస్ట్ కణాలకు అతుక్కుని కూర్చుంటాయి.

ఇంతదాకా మనిషికి దగ్గు కూడా రాదు. “ఇన్నేళ్లూ ఈ పరుపు మీదే పడుకున్నాను, ఇప్పుడేమొచ్చింది?” అని అడిగేవారికి జవాబు ఇదే. ఇన్నేళ్లూ లోపల తయారీ జరిగింది.

మళ్లీ పెంటిక పడినప్పుడు అందులోని ప్రోటీన్ పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుంటుంది. నిమిషాల్లో మాస్ట్ కణం పగిలినట్టై హిస్టమిన్, ల్యూకోట్రైన్లు వెలువడతాయి. నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. పిల్లికూతలు మొదలవుతాయి. గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది, హమ్మయ్య అనుకుంటాం. చాలామందిలో నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5 పిలిస్తే వచ్చిన ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు నాళాన్ని వాపెక్కిస్తాయి, ఇంటర్‌ల్యూకిన్-13 కఫాన్ని పెంచుతుంది.

ఆయాసం రాగానే పీల్చే నీలం ఇన్‌హేలర్ కండరాన్ని వదులు చేస్తుందే తప్ప ఈ వాపును తగ్గించదు. వాపు తగ్గించేది రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అలవాటైపోతుందన్న భయంతో దాన్ని మానేయడం, నా దృష్టిలో, నల్లి కన్నా పెద్ద ముప్పు. తీవ్రమైన ఉబ్బసానికి ఐజీఈనే పట్టేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ 2003లో అమెరికాలో అనుమతి పొందింది. మొదటి కేకనే నొక్కేసే టెజెపెలుమాబ్ 2021లో వచ్చింది.

ఇక పరుపు సంగతి. గట్టి ఎండకు నల్లి ఎండి చస్తుంది కానీ పెంటికలు అలాగే ఉంటాయి. కాబట్టి దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఎండేసిన పరుపును ఆరుబయటే దులపాలి. ఆ దులిపే పని మాత్రం ఇంట్లో ఉబ్బసం ఉన్నవారికి అప్పగించకండి.