మగ్గం ఇచ్చే అర నిమిషం సెలవు



పట్టు ధర, జరీ ధర, కూలి లెక్కలు, సావుకారు బాకీలు మనము ఎప్పుడును మాట్లాడుకొను విషయములు. ఈసారి మగ్గము ముందు కూర్చున్న మనిషిని గురించి నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పడుగుకు బిగువు ఎక్కువైతే పోగు తెగునని మనకు తెలియును. మనిషికి బిగువు ఎక్కువైనప్పుడు మాత్రము గుర్తించము. ఈ సంగతి నాకు బోధపడిన విధము చెప్పెదను.

కాంచీపురములో మా సంఘమునకు ఒక ఆడి మాసములో రావలసిన డబ్బు రాలేదు. సభ్యులకు కూలి ఇవ్వవలసిన శనివారము వచ్చినది. ముందురాత్రి నాకు నిద్ర లేదు. ఆ ఉదయము ఒక వృద్ధ సభ్యుడు చీర తెచ్చినాడు. కొలిచి, అరమూర తక్కువయినదని పదిమందిలో కసరితిని. ఆయన కోపపడలేదు. “నాయనా, ముందు రవ్వంత నీళ్లు తాగు. మళ్లీ కొలుద్దాం. అప్పుడూ తక్కువొస్తే తిట్టుదువు గాని” అన్నాడు. మళ్లీ కొలిచితిమి. చీర సరిగానే ఉన్నది. తప్పు నా లెక్కలోనిది.

సిగ్గుపడి క్షమాపణ చెప్పి, ఇంత నిదానము ఎట్లు అలవడినదని అడిగితిని. “కండె అయినప్పుడల్లా మగ్గమే నాకు సెలవిస్తుంది. ఆ సెలవు నేను పోగొట్టుకోను” అన్నాడు.

ఆ మాటలో శాస్త్రము కలదు. గుంట మగ్గము మీద నడుము, మెడ ముందుకు వంగియుండును. ఒకే తీరున బిగిసియున్న కండరములకు రక్తము చక్కగా ప్రసరింపదు. అందుచేత నొప్పి పుట్టును. సన్నని పోగును తదేకముగా చూచునప్పుడు రెప్పవాల్చుట తగ్గి కండ్లు ఆరిపోవును. దీనికి తోడు బాకీ చింత మనసులో మెదలుచుండిన, గుండె వేగము హెచ్చును, ఊపిరి పైపైన ఆడును. ఆ స్థితిలో చేయి తొందరపడి పోగు తెగును. పోగు తెగితే కోపము, కోపముతో మరియొక తప్పు.

ఈ గొలుసును తెంచుటకు గడియారము అక్కరలేదు. కండె అయిపోయినప్పుడు వెంటనే క్రొత్తది తొడగక, నాడెను ప్రక్కన పెట్టవలెను. భుజములు క్రిందికి వదలవలెను. వాకిలి గుండా దూరముననున్న చెట్టునో, ఎదురింటి కప్పునో చూడవలెను. దూరపు చూపు కంటికి విశ్రాంతి. మెల్లగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటె నెమ్మదిగా విడువవలెను. నిదానముగా ఊపిరి విడుచునప్పుడు గుండె వేగము తగ్గును. ఇట్లు మూడు నాలుగు మారులు చేసిన చాలును. ఆ కాసేపు ధ్యాస ఊపిరి మీదనే ఉండవలెను. బాకీ మాట గుర్తుకు వచ్చినను, దానితో వాదించక మరల ఊపిరి మీదికి రావలెను.

నేసిన బట్టను చుట్టునప్పుడు ఒకమారు గుంటలోనుండి లేచి, నడుము చాచి, నీళ్లు త్రాగవలెను. బీడీ, పొగాకు విశ్రాంతి కావు; అవి గుండె వేగమును పెంచును.

పని చెడునని భయము వద్దు. దినమునకు 20 కండెలు మార్చినను, ఒక్కొక్కమారు అర నిమిషమైన మొత్తము 10 నిమిషములే. ఒక జరీ తప్పు విప్పి సరిచేయుటకు అంతకంటె ఎక్కువ పట్టుట మనమెరిగినదే.

మరియొక సంగతి. కోర్వై చీరకు ప్రక్కన కూర్చుండి నాడె అందించువారు సాధారణముగా ఇంటివారే. మన చికాకు మొదట వారి మీదనే పడును. పోగు తెగినప్పుడు ఒక నిండు ఊపిరి విడిచి, ఆ తరువాతనే నోరు తెరువుడు. రాట్నము వద్ద కండెలు చుట్టు ఆడవారికిని ఈ సెలవు కావలెను; వారికి పొయ్యి పని అదనము. వారు కూర్చున్న అర నిమిషమును సోమరితనమని ఎవరును అనరాదు.

అయితే ఊపిరితో కూలి పెరగదు, అప్పు తీరదు. వాటికి సంఘములో కూడి అడుగవలసినదే. కాని కలతపడిన మనసుతో అడుగుటకంటె నిదానముగా అడుగుట మేలు. వారముల తరబడి నిద్ర పట్టకున్నను, బ్రతుకు మీద విరక్తి కలిగినను దాచుకొనక వైద్యుని చూడవలెను. ప్రభుత్వమువారు 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాట్లాడుదురు.

షోలాపురములో దుప్పటి నేయువారైనను, బరంపురములో పట్టు నేయువారైనను మగ్గము ముందు కూర్చున్న నడుము ఒక్కటే. రేపు మొదటి కండె అయిపోగానే ఈ అర నిమిషమును తీసికొని చూడవలసినదిగా కోరుచున్నాను. నేనును ఇప్పుడు చీర కొలుచుటకు ముందు రవ్వంత నీళ్లు త్రాగుచున్నాను.