గృహమున శీతలయంత్రము: దాని స్థాపనము, పోషణము

వైశాఖము ప్రవేశించినదనగా మా దెందులూరు ప్రాంతమున ఎండకన్న ఉక్కయే మనుష్యుని ఎక్కువ బాధించును. దక్షిణపు దిక్కున కొల్లేరు. దాని చుట్టును చేపల చెరువులు, వరిచేలు, కాలువలు. ఈ నీటినుండి లేచిన ఆవిరి గాలిలో నిండియుండును. పగలెల్ల కాగిన డాబా నడిరేయి దాటినను చల్లారదు. పసిబిడ్డలు చెమటపొక్కులతో ఏడ్చుచుందురు. వృద్ధులు కన్నుమూయక తెల్లవార్లు విసనకఱ్ఱ విసరుకొనుచుందురు. 2015వ సంవత్సరపు వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశముననే వేయిమందికి మించి వడదెబ్బకు బలియైరి. కావున చల్లని గది నేడు కొందఱికి భోగమే యైనను, ముసలివారును రోగులునుగల యింట అది ప్రాణరక్షణ సాధనమని చెప్పక తప్పదు.

మన పెద్దలు చల్లదనమునకై చేసిన ఏర్పాటులు తక్కువవి కావు. నీరు ఆవిరియగునప్పుడు తన చుట్టునున్న వేడిని గ్రహించును. ఈ మర్మము నెఱిగియే వారు కూజాలలో నీరు నిలువచేసిరి; గుమ్మములకు వట్టివేళ్ల తడికలు కట్టి తడిపిరి. గాలి పొడిగా నున్నచోట ఇవి చక్కగా పనిచేయును. కాని గాలియే నీటితో నిండియున్నప్పుడు మఱికొంత ఆవిరికి అందు చోటెక్కడిది? ఒడలిమీది చెమటయే ఆరదు. ఎయిర్‌కూలరు కొన్న మన సోదరీమణులు, “గది చల్లబడుట మాట అటుండనిండు, పక్కబట్టలు జిగటలైనవి” అని చెప్పుట ఇందువలననే.

మా యింట డెబ్బదియైదేండ్లు దాటిన అత్తగారు కలరు. ఒక వేసవిలో ఆమె వరుసగా రెండు రాత్రులు నిద్రలేక మూడవనాటి ఉదయమున పూజగదిలో సొమ్మసిల్లిరి. వైద్యుడు వచ్చి, చల్లని గదిలో పరుండబెట్టవలెనని శాసించెను. అంతట మేము శీతలయంత్రమును కొంటిమి. కొన్నపిమ్మటగాని తెలియదయ్యెను, కొనుట పనిలో సగమే యని. దానిని సరిగా అమర్చుటయు, సరిగా పోషించుటయు మిగిలిన సగము. ఆ సగము గృహిణి చేతిలోనే యున్నది. యంత్రములు మగవారి వ్యవహారమని మనము తొలగియుండుటచే ఎంత నష్టమో మేము అనుభవముచే తెలిసికొంటిమి. ఆ సంగతులే ఇందు వ్రాయుచున్నాము.

యంత్రము చేయు పని

ఈ యంత్రము చల్లదనమును పుట్టించునని అందఱు తలంతురు. అది సరికాదు. బావిలోని నీటిని మోటారు పైకి తోడునట్లు, ఈ యంత్రము గదిలోని వేడిని తోడి వెలుపల పాఱబోయును. అందుచేతనే దీనికి హీట్‌పంపు, అనగా వేడిని తోడు పంపు, అని శాస్త్రజ్ఞులు పేరిడిరి. పెట్టెలో రెండు రాగిగొట్టపు చుట్టలుండును. ఒకటి గదివైపు, ఇంకొకటి వీథివైపు. వానిలో ఒక ద్రవము తిరుగుచుండును. గదివైపు చుట్టలో అది ఆవిరియై, కూజా చెమ్మవలెనే వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి వెలుపలి చుట్టలోనికి నెట్టగా, అక్కడ అది వేడిని విడిచి మరల ద్రవమగును. కూజానుండి ఆవిరియైన నీరు తిరిగిరాదు. ఇందలి ద్రవము తిరిగివచ్చును. భేదమంతయు ఇంతే.

వేడిని ఇట్లు పంపుతో తోడి గృహములను వెచ్చజేయవచ్చునని 1852లోనే కెల్విన్ ప్రభువని పిమ్మట ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ చెప్పెను. శీతదేశములవారు అదే యంత్రమును త్రిప్పి, వెలుపలి వేడిని లోనికి తోడుకొనుచున్నారు. చలిని వేడిని రెంటిని ఇచ్చు యంత్రములు మన అంగళ్లలోను దొరకును. కాని మన ప్రాంతపు చలికి ఒక దుప్పటి చాలును. దానికై అదనపు మూల్యమిచ్చుట వ్యర్థము. స్నానపు నీళ్లు కాచు హీట్‌పంపు మాత్రము ఆలోచింపదగినది. అది చుట్టునున్న గాలిలోని వేడిని నీటిలోనికి తోడును గనుక, మామూలు గీజరు త్రాగు విద్యుత్తులో సుమారు మూడవవంతుతోనే పని నెరవేర్చును. పెద్ద కుటుంబములకు అది లాభకరము.

చల్లని చుట్టను తాకిన గాలిలోని ఆవిరి, మంచునీటి చెంబునకు పట్టిన చెమ్మవలె నీరై కారును. ఉక్క హెచ్చుగానున్న రాత్రి ఒక బక్కెట్టెడు నీరు చేరుట మేము చూచితిమి. ఈ తేమ తీయుటకే 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున ఒక అచ్చుకూటమునకై విల్లిస్ కారియర్ తన యంత్రమును కల్పించెను. తేమకు కాగితము సాగి రంగుల అచ్చు తప్పిపోవుచుండెనట. కాగితమునకై పుట్టిన యంత్రము కొల్లేటి గాలికి సరిగా సరిపోవుట విశేషము.

ఇక టన్ను అనుమాట. అది పెట్టె బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగుటకు ఎంత వేడిని గ్రహించునో అంత వేడిని తోడగల శక్తికి ఒక టన్ను అని పేరు. అది సుమారు 3.5 కిలోవాట్లు. కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండి చేపలతో దూరదేశములకు పోవు మంచును చూచిన మనకు ఈ లెక్క సులభముగా బోధపడును. 120 చదరపుటడుగుల గదికి ఒక టన్నును, 150 మొదలు 180 అడుగుల గదికి టన్నున్నరయు సాధారణముగా చాలును. ఎండకాగు డాబా క్రింది గదియైనచో కొంత హెచ్చు వలయును. కాని పెద్ద యంత్రము కొనుటకు ముందు డాబాకు తెల్లసున్నము వేయించి, పడమటి కిటికీకి దళసరి తెర కట్టించుట తక్కువ వ్యయముతో ఎక్కువ ఫలమిచ్చును.

అమరించుట

యంత్రములు రెండు విధములు. అంతయు ఒకే పెట్టెలో ఇమిడి కిటికీలో కూర్చుండునది ఒకటి; లోపలి భాగము గోడకు, వెలుపలి భాగము డాబామీదను ఉండి నడుమ రాగిగొట్టములు గలది రెండవది. రెండవది చప్పుడు తక్కువ చేయును. కిటికీ వెలుతురును అడ్డగింపదు. కాని గొట్టములను కలుపు పని ఇంటివద్దనే జరుగును. అందు నేర్పు చాలనిచో కీళ్లవద్ద గ్యాసు కారును. ఒకే పెట్టెగా వచ్చునది కర్మాగారముననే గ్యాసు నింపి మూయబడును. ఆ భయము తక్కువ. నేర్పరులైన పనివారు దూరముగానున్న పల్లెలలో ఇదియే మేలని మా అభిప్రాయము.

పెట్టెను కిటికీలో పెట్టునప్పుడు గట్టి చట్రమును బిగించి, వెలుపలి వైపునకు అతిస్వల్పముగా వాలునట్లు అమర్చవలెను. అట్లు కానిచో కారిన నీరు గదిలోనికి వచ్చి గోడ చెమ్మగిల్లును. ప్రక్కలనున్న గాలిరంధ్రములు గోడ మందములో మునిగిపోరాదు. అవి పూర్తిగా వెలుపల నుండవలెను. పెట్టె వెనుక గోడగాని, పశువుల పాకగాని, గడ్డివామిగాని దగ్గరగా ఉండరాదు. తోడిన వేడి పోవుటకు దారిలేనిచో యంత్రము తన వేడిని తానే మరల త్రాగును. సందులను స్పంజితో మూయింపవలెను.

గొట్టముల యంత్రము కొన్నవారు ఒక్క మాట మఱువరాదు. గొట్టములు కలిపిన పిమ్మట వానిలోని గాలిని, తేమను వాక్యూము పంపుతో పూర్తిగా లాగివేసి, అటుపిమ్మటనే గ్యాసును విడువవలెను. తొందరలో నున్న పనివారు ఈ పంపును తేకయే పని ముగించుట కలదు. లోపల మిగిలిన తేమ కొంతకాలమునకు కంప్రెసరును చెఱచును. “పంపు తెచ్చితివా?” అని గుమ్మమువద్దనే అడుగుడు.

విద్యుత్తు విషయమున లోభము పనికిరాదు. టన్నున్నర యంత్రము సుమారు 7 ఆంపియర్ల విద్యుత్తును గంటలకొలది లాగును. పాత తీగకు తగిలించినచో తీగ కాగి నిప్పంటుకొనవచ్చును. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, ప్రత్యేకమైన ప్లగ్గు, దానికొక ఎం.సి.బి., సరియైన ఎర్తింగు ఉండితీరవలెను. వేసవి సాయంకాలములందు వోల్టేజి పడిపోవు ఊళ్లలో స్టెబిలైజరు అవసరము. కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు నిమిషములైన ఆగి యంత్రమును నడుపవలెను. వెంటనే నడిపినచో కంప్రెసరుపై భారము పడును. ఇట్లు తమంతట ఆగు ఏర్పాటు నేటి యంత్రములలో పెక్కింటికి కలదు.

గ్యాసు అయిపోవునా?

రెండవ వేసవిలో మా యంత్రము గాలి విసరుచుండెనేగాని చల్లబఱచదయ్యెను. పనివానిని పిలిపించితిమి. అతడు పెట్టెపై చేయి యుంచి, “గ్యాసు అయిపోయిందండీ అమ్మగారూ, ఏటేటా నింపించుకోవాలండీ” అనెను. సొమ్ము తెచ్చుటకు మేము బీరువావద్దకు పోవుచుంటిమి. ఇంతలో మంచముపైనుండి మా అత్తగారు, “పొయ్యిలో గ్యాసంటే మండి అయిపోతుంది. ఇందులో గ్యాసు మండుతుందా నాయనా, అయిపోవడానికి?” అని యడిగిరి. అతడు మాఱు పలుకలేదు.

ఆమె అడిగినదే సత్యము. ఈ గ్యాసు మండదు, అరుగదు. మూసిన గొట్టములలో ఏండ్ల తరబడి తిరుగుచునే యుండును. అది తగ్గినచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. కారుచోటు కట్టక నింపుట చిల్లికుండలో నీరుపోయుటయే. వేఱొకనిని పిలిపించి వెనుకభాగమును విప్పించి చూడగా, వెలుపలి చుట్ట రేకులనిండ దాళ్వా నూర్పిళ్ల ధూళియు ఊకయు దట్టముగా కఱచియుండెను. మెత్తని కుంచెతోను నీటితోను కడిగించితిమి. ఆ రాత్రి గది యథాప్రకారము చల్లబడెను. గ్యాసు బొట్టు తగ్గలేదు.

గ్యాసు నిజముగా తగ్గెనని పనివాడు చెప్పినచో గృహిణి మూడు అడుగవలెను: కొలతపరికరముతో చూపుము, సబ్బునురుగుతో కారుచోటు కనిపెట్టి కట్టుము, వాక్యూము చేసి, పెట్టెమీద వ్రాసిన తూకము ప్రకారమే నింపుము. ఈ మూడును చేయువానికి కూలి సంతోషముగా ఇయ్యవలెను.

ఇందు లోకహితముకూడ ఇమిడియున్నది. పూర్వపు గ్యాసులు భూమికి గొడుగువంటి ఓజోను పొరను చెఱచుటచే, 1987లో మాంట్రియల్ నగరమున దేశములు కూడి వానిని క్రమముగా మానుటకు ఒడంబడిక చేసికొనెను. నేడు హెచ్చుగా వాడు ఆర్-32 ఆ పొరకు కీడుచేయదు. కాని గాలిలో కలిసినచో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కించును. కావున దానిని ఊరక విడిచిపెట్టనీయరాదు. మఱియు అది వెలికి వచ్చినచో నిప్పంటుకొను స్వభావము కొంత కలది. ఆర్-290 అనునది వంటగ్యాసువలెనే మండును. మరమ్మతు జరుగుచోట దీపము, చుట్ట, అగ్గిపుల్ల ఉండరాదు.

నిత్యపోషణ

పదునైదు దినములకొకసారి ప్లగ్గు తీసివేసి, ముందరి జల్లెడను చన్నీటితో కడిగి నీడన ఆరవేయవలెను. జల్లెడ మూసికొన్నచో చుట్టమీద మంచు గడ్డకట్టును. దానిని చూచి గ్యాసు తగ్గినదని భ్రమింపరాదు. వేసవికి ముందొకసారి, నూర్పిళ్లైన పిమ్మట ఒకసారి వెలుపలి చుట్టను కడిగింపవలెను. నీరుపోవు గొట్టములో చీమలు, నాచు చేరకుండ చూడవలెను. నిలిచిన నీట దోమలు పుట్టును. బల్లులు, కందిరీగలు కాపురముండుటకు ఈ పెట్టె బహు అనుకూలమైన చోటు; చాలకాలము ఆపి నడుపునప్పుడు చూచికొనవలెను. ప్లగ్గు తీసినను లోపలి కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును గనుక, లోపలి మూత మాత్రము మనము విప్పరాదు.

నడుపుటలోను పొదుపు కలదు. 2020 జనవరినుండి మన దేశమున నక్షత్రముద్ర గల యంత్రములు 24 డిగ్రీలవద్ద మొదలగునట్లు నియమమేర్పడినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ చెప్పుచున్నది. మేము 26 డిగ్రీలవద్ద నుంచి, పైన పంకా మెల్లగా త్రిప్పుదుము. మా అత్తగారికి దుప్పటి అవసరములేకయే నిద్రపట్టుచున్నది.

సోదరీమణులారా! పాలు విఱిగినవో లేదో మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. బియ్యము పాతవో కొత్తవో చేత పట్టి చెప్పగలము. గోడకు బిగించిన ఈ పెట్టెనుకూడ మన వంటింటి వస్తువువలెనే ఎఱిగియుండినచో, సొమ్ము నిలుచును, ప్రమాదము తొలగును, వృద్ధులును పసివారును సుఖముగా నిదురింతురు. ఈ వేసవి ముదురకమునుపే, రేపటి ఉదయముననే, మీ యింటి జల్లెడను తీసి వెలుతురున పట్టి చూడుడు.